పచ్చటి అట్టపెట్టె, సున్నం కొట్టిన మిద్దె

ఇంటికి తెచ్చే వస్తువు చూడ్డానికి బాగుండాలి, భూమికి బరువు కాకూడదు. ఈ రెండు కోరికలనూ ఒకే పొట్లంలో కట్టి అమ్మే వ్యాపారం కొన్నేళ్లుగా జోరుగా సాగుతోంది. వెదురు పళ్లబ్రష్షు, జనపనార సంచి, రాగి సీసా, వక్కపట్ట పళ్లెం, మట్టిరంగు దిండు గలీబులు. బెంగళూరు పక్కనే ఉంది కాబట్టి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఈ గాలి త్వరగానే తగిలింది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక కొత్త జీతాలు వచ్చాయి, కొత్త ఇళ్లు లేచాయి. ఇప్పుడు బత్తలపల్లి లాంటి మండల కేంద్రానికి కూడా పచ్చటి ఆకుబొమ్మ అచ్చేసిన అట్టపెట్టెలు కొరియర్‌లో దిగుతున్నాయి.

వీటిలో ఏది నిజంగా మేలు, ఏది వేషం? ఈ ప్రశ్నకు ముంబయిలో దొరికే జవాబు, బత్తలపల్లిలో దొరికే జవాబు ఒకటి కావు. ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. ఎండాకాలం గాలి పొడిగా, పెళపెళలాడుతూ ఉంటుంది. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఒక పక్క ధర్మవరం మగ్గాలు, ఇంకో పక్క నిమ్మలకుంట తోలుబొమ్మలు. ఈ నాలుగు సంగతులూ పక్కన పెట్టుకోకుండా ఏ వస్తువు మంచిదో చెప్పడం కుదరదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: కంటికి ఇంపుగా కనిపించే చిన్న వస్తువుల వల్ల ఒరిగేది తక్కువ, ఎవరి కంటా పడని మిద్దెమీదా ఫ్యాన్‌లోనూ ఒరిగేది ఎక్కువ. అందానికి మాత్రం ఒక పని ఉంది. బాగున్నదాన్ని ఎవరూ తొందరగా పారేయరు.

అందరూ మొదలుపెట్టే చోటే, సంచి దగ్గరే మొదలుపెడదాం. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో ఒక లెక్క బయటపెట్టింది. గాలిని వేడెక్కించే వాయువుల వరకే చూసుకుంటే, ఒక నూలు సంచిని 131 సార్లు వాడితే గాని అది పల్చటి ప్లాస్టిక్ సంచికి సమానం కాదట. 2018లో డెన్మార్క్ ప్రభుత్వం చేయించిన అధ్యయనం నీరు, నేల, ఓజోన్ పొర లాంటి అన్ని నష్టాలనూ కలిపి చూసి, మామూలు నూలు సంచికి ఆ సంఖ్యను 7,100 దాకా తీసుకెళ్లింది. సేంద్రియ పత్తి సంచికైతే 20,000. వారానికోసారి సంతకు తీసుకెళ్లే సంచి ఇరవై వేల సంతలు చూడాలంటే మూడు వందల ఎనభై ఏళ్లు కావాలి.

ఈ లెక్కలు చూసి ప్లాస్టిక్ సంచే నయమనుకుంటే బోల్తా పడ్డట్టే. మన ఊళ్లలో ప్లాస్టిక్ సంచి చేసే చెరుపు గాలిలో లేదు, మురుగు కాలువలో ఉంది, చెరువు గట్టున ఉంది, ఆవు కడుపులో ఉంది. ఆ అధ్యయనాలు చేసిన దేశాల్లో చెత్త ఇంటి ముందు నుంచి నేరుగా బట్టీకో కర్మాగారానికో పోతుంది, రోడ్డు మీద తిరిగే ఆవు ఉండదు. కాబట్టి ఆ అంకెలు చెప్పే సంగతి ఒక్కటే: కొత్తగా ఇంకో గుడ్డ సంచి కొనొద్దు. పెళ్లిళ్లలో, షాపు ప్రారంభోత్సవాల్లో 'పర్యావరణ హిత' కానుకగా ఇచ్చిన సంచులు ఇప్పటికే ఇంటింటా పది మూలుగుతున్నాయి. పాత చీర కొంగుతో, ప్యాంటు గుడ్డతో వీధి చివరి టైలరు కుట్టిచ్చే సంచికి పత్తి పండించిన లెక్క పడదు, ఆ లెక్క చీరతోనే తీరిపోయింది.

ఇప్పుడు తలెత్తి ఫ్యాన్ చూడండి. పాత రకం సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ మోటారున్న ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు పన్నెండు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగితే తేడా 162 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఒక్క ఫ్యాను మార్చితే ఏడాదికి 113 కిలోలు తగ్గినట్టు. ఇంగ్లండు లెక్క ప్రకారం ఒక పల్చటి సంచి వెనక ఉన్నది ఇరవై గ్రాములు. ఒక ఫ్యాను ఏడాదిలో ఐదున్నర వేల సంచులకు సమానం. యూనిట్ ఐదు రూపాయలనుకుంటే ఎనిమిది వందలు మిగులుతాయి కూడా. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు కాబట్టి దుకాణంలో వాదన అక్కర్లేదు, చుక్కలు లెక్కబెట్టుకుంటే చాలు. ఇంత చేసినా ఫ్యాను ఫొటో తీసి ఎవరూ నలుగురికీ చూపించుకోరు. వెదురు బ్రష్షు ఫొటో మాత్రం చూపిస్తారు. ఆ బ్రష్షు పిడి మట్టిలో కలుస్తుంది గానీ కుచ్చు చాలావాటికి నైలాన్‌దే.

ఫ్యాను పైన మిద్దె. అనంతపురం వైపు పాత ఇళ్లకు చౌడు మిద్దెలుండేవి. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో పుల్లలో పరిచి, పైన మందంగా చౌడు మట్టి వేసేవాళ్లు. వానాకాలానికి ముందు ఏటా కొత్త చౌడు చల్లాలి. కారుతుంది, ఎలుకలు తవ్వుతాయి, చాకిరీ ఎక్కువ. అందుకే సిమెంటు స్లాబు రాగానే జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ ఆ మట్టి మందం ఆపిన ఎండను నాలుగైదు అంగుళాల స్లాబు ఆపలేదు. పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటికి పడుకునే గదిలోకి వదులుతుంది. ఆ వేడికి విరుగుడుగా ఏసీ కొంటాం. దానికన్నా చవకైన విరుగుడు సున్నం. మార్చిలో మిద్దె ఊడ్చి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల వేడి తగ్గుతుందని కూల్ రూఫ్ ప్రయోగాలు చెబుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. సున్నం వానకు కొట్టుకుపోతుంది, ఏటా మళ్లీ వేసుకోవాల్సిందే. అద్దెకున్నవాళ్ల చిక్కు వేరు. మిద్దె ఇంటి యజమానిది, ఉక్కపోత అద్దెవాళ్లది.

చల్లదనం దగ్గర బత్తలపల్లికి ఒక అదృష్టం ఉంది. మట్టి కుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ గోడ సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లన. మచిలీపట్నం ఉక్కలో అదే కుండ సగం కూడా పని చేయదు. కూలరూ అంతే, వట్టివేళ్ల తడికలూ అంతే. సముద్రం ఒడ్డున దండగ, ఇక్కడ దివ్యం. కరెంటు ఖర్చులో కూలరు ఏసీకి ఆమడ దూరంలో ఉంటుంది. కాకపోతే గంటకు కొన్ని లీటర్ల నీళ్లు తాగుతుంది. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వీధిలో ఆ లెక్క కూడా చూసుకోవాలి. అలాంటి వీధిలో ముందు సున్నం, తర్వాత ఫ్యాను, చివర కూలరు.

ఇంతవరకూ పాతదే మేలన్నట్టు సాగింది కథ. తాగేనీళ్ల దగ్గర అది అడ్డం తిరుగుతుంది. మట్టి కుండ నీళ్లను చల్లబరుస్తుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. రాగి సీసా తీయదు. చిల్లగింజ తేరుస్తుంది గానీ తీయదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. సత్యసాయి ట్రస్టు 1990ల నడుమ అనంతపురం జిల్లా పల్లెలకు నీటి పథకం వేయించడానికి కారణం ఈ కరువూ ఈ నీళ్లూ. కుళాయి నీళ్లు రాని చోట ఆర్వో నీళ్లు విలాసం కాదు, మందుతో సమానం. 'సహజం' అనే మాట మీద మోజుతో ఆర్వో తీసేసి రాగి బిందె పెట్టుకునేవాళ్లు ముందు నీళ్లను పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో పెట్టే ఆర్వో యంత్రం ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. ఆ గొట్టాన్ని బకెట్లో పెట్టుకుంటే ఇల్లు తుడవడానికీ మరుగుదొడ్డికీ సరిపోతాయి. ఆర్వో నీళ్లు కుండలో పోసుకుంటే ఆరోగ్యమూ ఉంటుంది, చల్లదనమూ ఉంటుంది. దుకాణాల్లో రంగు పూసి, కుళాయి బిగించి, ముగ్గులు వేసి అమ్మే కుండలున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ బయట నూనె రంగు పూశారా, రంధ్రాలు మూసుకుపోయి కుండ కాస్తా బిందె అయిపోతుంది. ఎర్రమన్ను తప్ప ఇంకే రంగూ లేని కుండ కొనండి.

ఇక పట్టు. ధర్మవరం పక్కన ఉండి పట్టు గురించి మాట్లాడకపోతే దొంగతనమే. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పట్టుగూళ్లకు హిందూపురం మార్కెట్ పెట్టింది పేరు. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లో ఉన్న చీరల అంచులు చూస్తే ఈ నేతకు వరసలు ఎక్కడివో తెలుస్తుంది. గుంత మగ్గానికి కరెంటు అక్కర్లేదు. ఇక్కడిదాకా అంతా పచ్చగానే ఉంది.

దారం వెనక్కి వెళ్తే రంగు మారుతుంది. దక్షిణ భారత పట్టు మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం, కిలోల లెక్కన చూస్తే మిగతా సహజ నారలకన్నా పట్టుకే పర్యావరణ భారం ఎక్కువని తేల్చింది. మల్బరీ తోటకు ఎరువు, నీళ్లు, గూళ్లు ఉడకబెట్టడానికి కట్టెలు. మన దగ్గర ఆ నీళ్లు ఎక్కడివో చెప్పక్కర్లేదు, వందల అడుగుల బోరువి. ఆపైన రంగుల అద్దకం. పట్టు రేషానికి సహజంగా ఉండే జిగురును సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి తీస్తారు, బరువులో నాలుగో వంతు దాకా అక్కడే కరుగుతుంది. తర్వాత రసాయన రంగుల తొట్టి. ఆ నీళ్లు శుద్ధి కాకుండా ఎటు పారితే అటు చెరుపు.

అయితే పట్టుచీర కొనొద్దా? కొనండి, కట్టండి. చిక్కంతా కట్టకపోవడంలో ఉంది. పెళ్లికి పాతిక వేలు పోసి తెచ్చిన చీర బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య ఇరవై ఏళ్లు పడుకుంటే, కట్టిన ఒక్కో పూటకు పడే భారం ఏ చవక చీరకూ పడదు. అమ్మ చీర కూతురు కట్టుకుని, చిరిగాక అంచు పిల్ల పావడాకు కుట్టించి, మిగిలిన కొంగు దిండు గలీబుకో గోడమీది చట్రానికో వాడితే ఆ భారం మూడు తరాలకు పంచుకుపోతుంది. మా వీధుల్లో ఇప్పటికీ "పాత పట్టుచీరలు కొంటాం" అని కేకేస్తూ వచ్చేవాళ్లున్నారు. వాళ్లు జరీలో వెండి కోసం ఆ చీరను కాలుస్తారు. నాలుగు కాసుల కోసం నలభై ఏళ్ల నేతను బుగ్గి చేయడం నాకు మింగుడు పడదు, ఆ డబ్బు అవసరమైనవాళ్లను తప్పు పట్టనూ లేను.

కొత్తది కొనేటప్పుడు పట్టు నిజమో కాదో చెప్పేది సిల్క్ మార్క్, 2004 నుంచి కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో ఉంది. చేత్తో నేసిందో మరమగ్గం మీదదో చెప్పేది వేరే గుర్తు, చేనేత మార్కు. చాలామంది మొదటిది చూసి రెండోదీ ఉందనుకుంటారు. చీర తిప్పి అంచు చూడండి. మగ్గం మీద గుడ్డ కుంచించుకుపోకుండా అడ్డంగా ఒక బద్ద పెడతారు, దాని కొనల్లో మేకులుంటాయి. నేత సాగేకొద్దీ బద్దను జరుపుతూ పోతారు కాబట్టి రెండు అంచుల వెంబడీ సూది గుచ్చినట్టు చిన్న రంధ్రాలు, నడుమ ఎడం హెచ్చుతగ్గులతో పడతాయి. మరీ సమంగా, అచ్చు గుద్దినట్టుంటే అనుమానించండి. అమ్మేవాడితో దెబ్బలాట వద్దు, అడగడం మాత్రం మానొద్దు.

ఇంటి అలంకారానికి నన్నడిగితే మొదటి స్థానం నిమ్మలకుంట దీపపు గూడుకు ఇస్తాను. ధర్మవరం మండలంలోని ఈ ఊరు తోలుబొమ్మలాటకు నిలయం. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడించే ఆటకు పిలిచేవాళ్లు తగ్గాక కళాకారులు అదే తోలుతో దీపపు గూళ్లు, గోడబొమ్మలు, తెరలు చేయడం మొదలుపెట్టారు. మేకతోలు నానబెట్టి, బొచ్చు తీసి, గీకి గీకి పల్చన చేసి ఎండబెడతారు. ఆరాక అది తోలులా ఉండదు, నూనె కాగితంలా వెలుతురు దాని గుండా నడుస్తుంది. దానిమీద కలంతో బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు పొడుస్తారు. రాముడి కిరీటం, సీత వడ్డాణం రంగుతో కన్నా ఈ రంధ్రాలతోనే మెరుస్తాయి, ఎందుకంటే అక్కడ దీపం సూటిగా బయటికొస్తుంది. అట్ట మీద అచ్చేసిన నకలులో ఆ చుక్కలు రంగుతో వేసి ఉంటాయి. దీపం వెలిగించి చూస్తే ఇట్టే దొరికిపోతుంది.

తోలు పర్యావరణానికి మంచిదా అని అడిగేవాళ్లకు న్యాయమైన జవాబుంది. చెప్పులకూ సంచులకూ వాడే తోలును క్రోమియం లవణాలతో ఊనుతారు, ఆ నీళ్లు తమిళనాడులో పాలారు లోయకు చేసిన నష్టం లోకమెరిగినదే. బొమ్మల తోలుకు ఆ ఊనుడు లేదు. మాంసం అంగడిలో మిగిలిన చర్మం, నీళ్లు, గీకుడు, ఎండ, అంతే. రంగులు మాత్రం ఒకప్పుడు చెట్ల నుంచీ మన్ను నుంచీ తీసేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా కొన్న రంగులే. అంతగా వేడెక్కని ఎల్‌ఈడీ బల్బు వచ్చాక ఈ గూడుకు కొత్త ఆయుష్షు దొరికింది. పాత బల్బు వేడికి తోలు ముడుచుకుని పెళుసెక్కేది, ఇప్పుడు ఆ భయం లేదు. తడి మాత్రం దీనికి పడదు. కోస్తా ఊళ్ల చుట్టాలకు కానుక ఇస్తే గాలి ఆడే గదిలో పెట్టమని చెప్పి ఇవ్వండి.

వంటింటి గురించి ఎక్కువ చెప్పను, అక్కడ మన అవ్వలు చెప్పనిది లేదు. స్టీలు గిన్నె, రాచిప్ప, సంగటి కెలికే కట్టె, ఇత్తడి తోమడానికి చింతపండు. నెల్లూరు జిల్లా ఉదయగిరి కొయ్య చెంచాలు, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మల డబ్బాలు కొనదగ్గవి, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మంచి ప్లాస్టిక్ డబ్బాలు ఇప్పటికే ఉంటే వాటిని తీసి పారేసి గాజు సీసాలు కొనడం పర్యావరణం కాదు, ముస్తాబు.

ముద్రల సంగతి. మన దేశానికి 1991 నుంచే 'ఎకోమార్క్' ఉంది. దాని గుర్తు మట్టి కుండ. ముప్పై ఏళ్లలో ఆ కుండను దుకాణంలో చూసినవాళ్లు అరుదు. 2024లో దానికి కొత్త నియమాలు తెచ్చారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకో పని చేసింది. 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ', 'సహజం' లాంటి మాటలు ఊరికే వేసుకోకూడదు, వేస్తే ఆధారం చూపాలి, ఆ మాట సరుకుకు వర్తిస్తుందో పెట్టెకు వర్తిస్తుందో చెప్పాలి అంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. పచ్చటి ఆకుబొమ్మ కన్నా స్టార్ గుర్తు, చేనేత మార్కు నమ్మదగ్గవి, ఎందుకంటే వాటి వెనక కొలిచేవాళ్లున్నారు. 'కంపోస్టబుల్' అని రాసిన సంచులు, గ్లాసులు చాలావరకు అరవై డిగ్రీల దాపు వేడి ఉండే ఎరువు కర్మాగారంలోనే కరుగుతాయి. మన దిబ్బలో వేస్తే అవీ మామూలు ప్లాస్టిక్‌లాగే పడి ఉంటాయి.

చివరికి విస్తరి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ నిషేధం. ఆ చోటు కాగితపు గ్లాసు, వక్కపట్ట పళ్లెం ఆక్రమించాయి. కాగితపు గ్లాసు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి నీళ్లు పావుగంట ఉంచితే వంద మిల్లీలీటర్లలోకి పాతిక వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరాయని ఖరగ్‌పూర్ ఐఐటీ 2020లో చూపించింది. రాలిన వక్కపట్టను వేడి అచ్చులో నొక్కి చేసే పళ్లెం కర్ణాటక నుంచి వస్తుంది, చెట్టు కొట్టక్కర్లేదు, జిగురు వేయక్కర్లేదు, అందంగానూ ఉంటుంది. దాని మీద కూడా 2025 మేలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అభ్యంతరం చెప్పింది, వక్కలోని పదార్థాలు తిండిలోకి దిగవచ్చని. అప్పుడప్పుడు ఒక పెళ్లి భోజనం చేసేవాళ్లు బెంబేలెత్తాల్సినంత సంగతి కాదని నా అభిప్రాయం, రోజూ హోటల్లో వాడేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. మోదుగాకు విస్తరికి ఈ గొడవ లేదు, కుట్టే చేతులే కరువు.

స్టీలు పళ్లేల సంగతికొస్తే సిద్దిపేటలో 'స్టీల్ బ్యాంకు' పేరుతో వాటిని శుభకార్యాలకు ఇచ్చే పద్ధతి పెట్టారు. మన దగ్గర టెంట్ హౌస్ వాళ్లు షామియానాతో పాటు గంగాళాలు, పళ్లేలు ఎప్పటి నుంచో అద్దెకిస్తున్నారు. అడిగేవాళ్లు తగ్గారు, కారణం కడగడం. అయిదు వందల మంది పళ్లేలకు నీళ్లు కావాలి, కడిగేవాళ్లకు కూలి కావాలి. కాగితపు పళ్లేల కట్టకయ్యే ఖర్చులో కొంత ఆ కూలికి మళ్లించి, కడిగిన నీళ్లు కొబ్బరి చెట్ల పాదుకు మళ్లిస్తే బత్తలపల్లి లాంటి చోట కూడా ఇది నడుస్తుంది. అయితే ఎండలు ముదిరి బోర్లు ఎండే ఏప్రిల్, మే నెలల ముహూర్తాలకు నేను విస్తరాకు వైపే ఉంటాను. కార్తీకం తర్వాత పెళ్లయితే స్టీలు పళ్లెం పెట్టండి.